ఎవరు గీస్తే వాళ్లే తుడవాలి

లూధియానా
ఆగస్టు 11

మహారాజశ్రీ సైకిల్ షాపు దేముడు మావయ్య గారి సముఖానికి,

మేనకోడలు ఇందు మిక్కిలి వినయంతో రాసుకునేది. ఇక్కడ నేను క్షేమం. నా కాళ్లు మాత్రం క్షేమం కాదు, వాటి తరఫున విడిగా రాయలేను.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా మూడో ముక్కకే "లైను బాగోనేదే గుంటా" అని పెట్టేస్తావు. దేశమంతా ఫైవ్ జీలో తేలిపోతుంటే ఓల్డ్ సెటిల్‌మెంట్ మొత్తానికి లైను బాగోని మనిషివి నువ్వొక్కడివే మిగిలావు. అందుకని బి.ఏ. చదివిన చేత్తో ఉత్తరం రాస్తున్నాను. రైల్వే స్కూల్లో నాకు తెలుగు చెప్పిన కామేశం మాస్టారికి మాత్రం చూపించకు, ఎర్ర పెన్ను తీస్తారు.

గరుడవేగ సైకిల్ కంపెనీ వారు నన్ను స్పాన్సర్ చేస్తున్న సంగతి ఖరగ్‌పూర్‌లో కుక్కలకు కూడా చెప్పావట, అమ్మ అంది. చాలా సంతోషం. వీపు మీద నా పేరున్న జెర్సీ ఇచ్చారు, బూట్లిచ్చారు, హెల్మెట్ ఇచ్చారు. బదులుగా ఒప్పందంలో తొమ్మిదో షరతు ప్రకారం "సంస్థ ప్రచార కార్యక్రమాలలో క్రీడాకారిణి సహకరించవలెను." సహకారం అంటే నవ్వుతూ ఫొటో దిగడమేమో అనుకున్నాను. నాకేం తెలుసు! సైకిళ్ల ఎగ్జిబిషన్ అంటే ముందు లారీ వస్తుంది. లారీలో పెట్టెలుంటాయి. పెట్టెల్లో నలభై రెండు సైకిళ్లు ముక్కలు ముక్కలుగా ఉంటాయి. వాటిని బిగించాలి, గాలి కొట్టాలి, వేలిముద్రలు తుడవాలి. డీలర్లు వస్తారు, ముట్టుకుంటారు, మళ్లీ తుడవాలి. మూడు రోజులయ్యాక విప్పి పెట్టెల్లో సర్దాలి.

ఇందులో నా తప్పు కూడా ఉంది. మొదటి రోజు ఒక చక్రం వంకర తిరుగుతుంటే చూసి ఊరుకోలేక స్పోకులు బిగించి సరిచేశాను. నువ్వు నేర్పిన పాడు అలవాటు. మేనేజరు చూశాడు. అప్పటినుంచి మిగతా స్పాన్సర్డ్ క్రీడాకారులు తెర ముందు, నేను తెర వెనక. కేరళ నుంచి వచ్చిన షైని అని ఒక అమ్మాయి ఉంది, నా గదిలోనే. ఆమెకు చక్రం సరిచేయడం రాదు. ఎంత తెలివైనదో!

అసలు విషయం. నవంబరు ఆఖరుకి ఒప్పందం అయిపోతుంది. పొడిగిస్తే కొత్త కార్బన్ రేసు సైకిలు నాదే, డిసెంబరు పదిహేనున కోల్‌కతాలో జరిగే స్టేట్ టీమ్ సెలెక్షన్‌కి దాని మీదే వెళ్లొచ్చు. నువ్వు కట్టిన స్టీలు సైకిలు మీద నిరుడు పదకొండు సెకన్ల తేడాతో సెలెక్షన్ పోయింది కదా. వచ్చే ఏడాది నా వయసు కేటగిరీ దాటిపోతుంది. కాబట్టి ఇదే ఆఖరు. అందుకే తుడుస్తున్నాను.

ప్రాక్టీసు బాగా సాగుతోంది. రోజూ పొద్దున్నే యాభై కిలోమీటర్లు తొక్కుతున్నాను.

అత్తకు నమస్కారాలు.

నీ
ఇందు


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
ఆగస్టు 24

ఒలే ఇందూ,

నీ ఉత్తరం అందినాది. పంచర్లేసుకున్నోడికి మహారాజశ్రీ ఏటే? మీ అత్త సుజాతమ్మ సదివి ఒకటే నవ్వు. "మహారాజా, నీళ్లు తోడిపెట్టినాను, తానం సేసి తగలడు" అంటంది. అలవాటు సేసీసినావు.

రోజూ యాభై తొక్కుతన్నానని రాసినావు. నేనేటి నిన్న పుట్టినానా? యాభై తొక్కినోళ్లకి మూడు పేజీలు రాసీ ఓపికుండదు. నిజం రాయి.

కామేశం మాస్టారు సైకిలు మీంచి పడిపోనారు. కుడిసెయ్యి ఇరిగింది, పిండికట్టేసినారు. రోజూ షాపు కాడికొచ్చి బల్ల మీద కూకుంటన్నారు. నీ ఉత్తరం ఆరికి సూపించకూడదని రాసినావు, ఆ ముక్క కూడా ఆరే సదివినారు. రెండు తప్పులు పట్టి ఎడం సేత్తో గుర్తులెట్టినారు. పిండికట్టున్నా మేస్టరు మేస్టరే.

ఇక్కడ వానలు. వర్క్‌షాపు సైరను మానీసినట్టున్నారు. పొద్దున్న ఇనపడ్డం నేదు. మీ అత్త తట్టి లేపితేగాని నెగవలేకపోతన్నాను.

కవర్లో సుద్దముక్క పెట్టినాను, సూసుకున్నావా? రైల్వే వర్క్‌షాపులో మా వీల్ షాపుదే. రిటైరైన రోజు జేబులో ఉండిపోనాది, తిరిగివ్వనేదు. ముప్పయ్యారేళ్ల సర్వీసులో నా దొంగతనం అదొక్కటే. నలభై సైకిళ్లు బిగిస్తన్నావు కదా, దగ్గరుంచుకో. రూలు మర్సిపోకు. కొట్టి ఇను. బాగుంటే గలగలమంటాది, పగులుంటే పనసకాయ మీద కొట్టినట్టుంటాది. డౌటొచ్చిందా, సుద్దతో కాటా గీసెయ్, ఇంటూ మార్కు. కాటా ఎవులు గీస్తే ఆళ్లే తుడాల. ఫోర్‌మేనొచ్చినా, పెద్దసాబొచ్చినా ఇంకోడి సెయ్యి పడకూడదు. ఆ రూలు మీదే బళ్లు నడిసినాయి.

కొత్త సైకిలిచ్చినప్పుడు ఎక్కీముందు చిమటా కొట్టి ఇను. ముందు సక్రాన్ని పట్టుకున్నది అదే, అది పోతే పళ్లు పోతాయి. సౌండెలగుందో నాకు రాయి.

మీ మావ
దేముడు


ఢిల్లీ, ఎగ్జిబిషన్ హాలు, స్టాల్ 41 వెనక అట్టపెట్టెల మీద
సెప్టెంబరు 20

మావయ్యా,

ఈసారి మహారాజశ్రీ లేదు. అలిసిపోయాను.

నిజం రాయమన్నావు. అప్పుడు రాసిన యాభై అబద్ధం, ఇప్పుడైతే పదమూడు రోజులుగా రోడ్డు మీద సైకిలే తొక్కలేదు. యాభై కాదు, ఐదు కూడా లేదు. అయితే తొక్కడమే లేదని అనుకోకు. స్టాల్ మధ్యలో ఒక సైకిలుకు వెనక చక్రం కింద రోలర్ పెట్టి బిగించారు. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు నన్ను దాని మీద ఎక్కిస్తారు. డీలర్లు సమోసా తింటూ చూస్తారు. నాలుగు రోజుల్లో రెండు వందల కిలోమీటర్లు తొక్కాను, ఒక్క అంగుళం కదల్లేదు. ఇంత దూరం తొక్కి ఇంత దగ్గర ఉండిపోయిన క్రీడాకారిణిగా నా పేరు ఎక్కడైనా రాసుకోవాలి.

స్టాల్ నుదుటి మీద నా ఫొటో పెట్టారు. ఆరడుగులు. జెర్సీ, హెల్మెట్, దూరంగా ఎటో చూస్తున్న చూపు. నిన్న దాని కిందే చీపురు పట్టుకుని థర్మాకోల్ ముక్కలు ఊడుస్తున్నాను. ఒక పెద్దమనిషి వచ్చి ఫొటో చూపించి, "దీదీ, యే మేడమ్ కబ్ ఆయేంగీ?" అని అడిగాడు.

ఏం చెప్పను? "లంచ్ తర్వాత వస్తారండీ" అన్నాను.

లంచ్ తర్వాత నిజంగానే వచ్చాడు మావయ్యా. హెల్మెట్ పెట్టుకుని రోలర్ ఎక్కి కూర్చున్నాను. నన్ను గుర్తుపట్టలేదు. సెల్ఫీ దిగి వెళ్లాడు.

పొద్దున రెండు గంటలు బయట తొక్కనివ్వండి అని మేనేజరును అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. అందరికంటే ముందొస్తాడు, పెట్టెలు కూడా మోస్తాడు. "షో కే బాద్, బేటా" అన్నాడు. లూధియానాలో కూడా అదే అన్నాడు. షో తర్వాత ఏముంటుందో ఇప్పుడు తెలిసింది. ఇంకో షో. నవంబరులో కోయంబత్తూరు. అక్కడ కొత్త కార్బన్ సైకిలు స్టేజీ మీద నేనే తొక్కి చూపించాలట. అది బాగా జరిగితే ఒప్పందం మీద సంతకం. మాట ఇచ్చాడు.

రాత్రి షైని నా పిక్కలు చూసి, "ఇవి మెత్తబడుతున్నాయి ఇందూ" అంది. ఆమె పిక్కలు కూడా మెత్తబడ్డాయి. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. తర్వాత నవ్వలేదు.

నీ సుద్దముక్క జేబులోనే ఉంది. సైకిలు బిగించాక రూపాయి బిళ్లతో ఒకసారి తట్టి వింటాను. ఇక్కడివాళ్లు నేనేదో పూజ చేస్తున్నానని అనుకుంటున్నారు. ఒకతను చెప్పులు విప్పి నిలబడ్డాడు.

ఒక్కసారి ఫోన్ ఎత్తు మావయ్యా. ఏమీ చెప్పక్కర్లేదు. అవతల షాపులో గాలిపంపు చప్పుడు వినిపిస్తే చాలు.

ఇందు


ఓల్డ్ సెటిల్‌మెంట్
అక్టోబరు 8

ఇందూ,

ఫోను నీళ్లలో పడిపోనాది. ఎండబెట్టినాను, ఒక పక్కే మాటాడతంది.

నువ్వు ఊడిసిన ముక్క మీ అత్తకి సదివితే ఏడిసింది. సమోసా ముక్కకి నవ్వింది. ఆడోళ్లు ఒకే ఉత్తరానికి రెండూ సెయ్యగలరు. మాస్టారు మాత్రం "మేడమ్ లంచ్ తరువాత వస్తారు" అని రోజుకి నాలుగుసార్లు అనుకుంటన్నారు. మన పిల్ల మాటలు ఎక్కడికీ పోనేదు అంటన్నారు.

పూజా పందిళ్లు లేపుతన్నారు. సందంతా ఎదురుకర్రలే, మన షాపు ముందు కూడా పాతినారు. బేరాలు తక్కువ. ఇప్పుడు పంచర్లూ గాలీ, అంతే. మిగతా పని తీసుకోడం మానేసినాను. అంతకుమించి ఏటీనేదు. వయసు.

మాస్టారు నీకు ఏదో రాయమని పోరుపెడతన్నారు. ఇప్పుడు రాయను. నీ సెలెక్షను అయ్యాక.

పిక్కలు మెత్తబడితే మెత్తబడనీ. మెత్తబడినవి గట్టిపడతాయి. నువ్వు రోలరెక్కినప్పుడు కళ్లు మూసుకొని మన ఊరి సల్వా రోడ్డు తలుసుకో. ముందర ఎగుడు, ఆ తరవాత సాలవనం నీడ. అక్కడ గేరు మార్సు. డీలర్లని సూడకు.

కోయంబత్తూర్లో ఆ కొత్త సైకిలు మోగిన మోత ఎలగుందో రాయి. మర్సిపోకు.

దేముడు


కోయంబత్తూరు
నవంబరు 15

మావయ్యా,

ఆ కొత్త సైకిలు ఎలా మోగిందో రాయమన్నావు. రాస్తున్నాను. బాగా మోగలేదు.

మొన్న లారీ దించేటప్పుడు ఒక పెట్టె జారి మూలమీద పడింది. ఎవరి తప్పూ కాదు, మోసేవాళ్లు మాకంటే అలిసిపోయి ఉన్నారు. పెట్టె మీద చిన్న సొట్ట. లోపల స్టేజీ మీదకు వెళ్లాల్సిన కార్బన్ సైకిలు. నిన్న పొద్దున హాలు తెరవకముందే బిగించాను. పైకి గీత కూడా లేదు. ఎంత అందంగా ఉందో తెలుసా? ఒంటి చేత్తో ఎత్తాను. ఎత్తి, కాసేపు అలాగే పట్టుకున్నాను. డిసెంబరులో ఇది నాది అనుకున్నాను.

తర్వాత బిళ్ల తీసి చిమటా తట్టాను. కార్బన్ స్టీలులా గలగలమనదు, టిక్ టిక్ మంటుంది. చిమటా ఎడమ కాలు కిందనుంచి పైదాకా టిక్ టిక్. కుడి కాలు టిక్ టిక్ టిక్, పైన మలుపు దగ్గర డొబ్. మళ్లీ తట్టాను. డొబ్. ఇరవైసార్లు తట్టి ఉంటాను. ఒకసారి డొబ్, ఒకసారి ఏమో. చెవిలో లారీల మోత, రెండు రోజుల నిద్రలేమి. నాకు డౌటొచ్చింది.

డౌటొస్తే ఏం చేస్తాం? ఆలోచించలేదు మావయ్యా. చెయ్యి జేబులోకి వెళ్లింది, నల్లటి చిమటా మీద తెల్లటి కాటా గీసింది, నేను టీ తాగడానికి వెళ్లిపోయాను. ఖరగ్‌పూర్‌లో అయితే అక్కడితో అయిపోతుంది, ఆ పని ఆగిపోతుంది. ఇది ఖరగ్‌పూర్ కాదన్న సంగతి టీ సగంలో గుర్తొచ్చింది.

పరిగెత్తుకుంటూ వచ్చేసరికి దీపాలు వేసేశారు. డీలర్లు మూగారు. "ఈ ఎక్స్ ఏమిటి?" అని ఒకాయన అడుగుతుంటే మా సేల్స్ అతను తడుముకోకుండా, "ఎక్స్ సిరీస్ సర్, లిమిటెడ్ ఎడిషన్" అంటున్నాడు. ముగ్గురు ఫొటోలు తీసుకున్నారు. ఒకాయన తనకు ఎక్స్ ఇంకాస్త పెద్దదిగా కావాలన్నాడు.

వాళ్ల వెనక తెల్లచొక్కా పెద్దాయన ఒకాయన ఉన్నాడు. విజయనగరంలో సైకిల్ షాపట. కాటా చూశాడు, నా చేతి మీద సుద్ద చూశాడు. దగ్గరికొచ్చి మెల్లిగా, "ఏ షాపమ్మా మీది?" అన్నాడు.

"ఖరగ్‌పూర్. వీల్ షాపు. మా మావయ్యది" అన్నాను.

"మాది వాల్తేరు రైల్వే షెడ్డు. నువ్వే గీసినావా?"

"నేనే."

ఆయన సైకిలు మీదున్న చెయ్యి తీసేసి రెండడుగులు వెనక్కి జరిగాడు.

మేనేజరు వచ్చాడు. చూశాడు. నవ్వుతూనే జేబురుమాలు తీసి కాటా తుడిచేశాడు. నా చెవి దగ్గర, "తెర వెనక విషయాలు తెర వెనకే, బేటా. రెండడుగుల ర్యాంపు. ఎక్కు, దూకు, చెయ్యి ఊపు. సాయంత్రం సంతకం" అన్నాడు. ఆయన కూడా రాత్రంతా నిలబడే ఉన్నాడు. చిమటా మార్చండి సార్ అన్నాను. వేరేది లేదన్నాడు. నీకు నిజంగా తెలుసా అన్నాడు. తెలియదు, డౌటు అన్నాను. డౌటుకు షో ఆపుతారా అన్నాడు.

నా దగ్గర సుద్దముక్క ఉంది. మళ్లీ గీశాను, అదే చోట. ఈసారి పెద్దాయన చూస్తున్నాడు కాబట్టి రుమాలు బయటికి రాలేదు. నేను ఎక్కలేదు. నేను ఎక్కనిది షైని కూడా ఎక్కనంది. మొత్తం మీద సైకిలు బట్ట కప్పుకుని స్టేజీ దిగిపోయింది.

సంతకం జరగలేదని వేరే రాయక్కర్లేదు కదా.

ఇప్పుడు పడుకుంటే నిద్ర రావడం లేదు. డొబ్ నిజంగా విన్నానా? అలిసిపోయి విన్నానా? నువ్వుంటే ఒక్క దెబ్బలో చెప్పేసేవాడివి. తప్పు విని ఉంటే నా ఆఖరి సెలెక్షన్‌ని నేనే సుద్దతో కొట్టేసుకున్నట్టు. చెప్పు మావయ్యా, తప్పు చేశానా?

ఇందు


ఓల్డ్ సెటిల్‌మెంట్
నవంబరు 20

అమ్మా ఇందూ,

నీ ఉత్తరం మాస్టారూ నేనూ రెండుసార్లు సదివినాము. మాస్టారు ఈసారి తప్పులు ఎతకనేదు.

తప్పు సేసినావా అని అడిగినావు. డౌటున్నప్పుడే కాటా. కచ్చితంగా తెలిస్తే కాటా ఎందుకు, ఇరగ్గొట్టి అవతల పారీయొచ్చు. పగులుందో నేదో నీకు తెలీదు, నాకూ తెలీదు. ఆ సైకిలెవులూ ఎక్కనేదు, ఎవులూ పడనేదు. అంతవరకే మన పని.

నేనుంటే ఒక్క దెబ్బలో సెప్పీసేవోడినని రాసినావు. ఆ ముక్క కాడ ఆగిపోనాను. రెండ్రోజులు పెన్ను పట్టనేదు. సెలెక్షను అయ్యాక సెప్దామనుకున్నాను, ఇప్పుడే సెప్తన్నాను.

సైరను మానీసినారని రాసినాను కదా. మాననేదంట. పొద్దున్నా సాయంత్రం మోగుతానే ఉందంట.

ఫోను నీళ్లలో పడనేదు. లైను బాగానే ఉంది. నా సెవులే బాగోనేదు. ముప్పయ్యారేళ్లు ఇనుము మీద కొట్టి ఇన్నాను, మరి ఇనుము ఊరుకుంటాదా? సిన్నసిన్నగా పోనాయి. ఎవులికీ సెప్పనేదు. పెదాలు సూసి మాటాడీవోణ్ణి. మీ అత్తకి తెలుసు.

మాస్టారి సైకిలు నేనే బాగుసేసినాను. చిమటా కొట్టి సూసినాను. మోగింది అనుకున్నాను. మోత నాకు గుర్తుండబట్టి మోగినాది గాని, సెవికి ఇనపడి కాదు. కాటా గియ్యాల్సింది, గాలి కొట్టి ఇచ్చీసినాను. నాలుగో రోజున మాస్టారు పడిపోనారు. ఆ సెయ్యి నేనిరిసిందే. రోజూ ఆయనొచ్చి బల్ల మీద కూకుంటే మొదట్లో నన్ను దెప్పడానికొచ్చినారనుకున్నాను. కాదు. షాపు మూసీకుండా కాపలా కాస్తన్నారు.

డౌటు లేదని నేను ఒక మనిషిని పడీసినాను. డౌటుందని నువ్వు ఒక మనిషిని నిలబెట్టినావు. ఇందులో తప్పెవులిదో బి.ఏ. సదివినావు, నువ్వే సెప్పు.

ఇంకో సంగతి. నీ స్టీలు సైకిలు దించినాను. బేరింగులు మార్సినాను, సైను మార్సినాను, రెండు సక్రాలూ ఎంట్రుక వాసి వంకర నేకుండా తీసినాను. కళ్లు బాగానే ఉన్నాయి. చిమటా కాడికొచ్చి సుత్తి పట్టుకొని కూకున్నాను. కొట్టినాను. మోగినట్టే ఉంది. మళ్లీ గుర్తుండి మోగిందేమో.

అందుకని కాటా గీసినాను. నేను గీసింది నేనే తుడాల. నువ్వొచ్చి కొట్టి, ఇని, బాగుంది అంటే గాని తుడను.

పదకొండు సెకన్లు ఏటి సేస్తావో నీ ఇష్టం.

మీ మావ
దేముడు


కోయంబత్తూరు
నవంబరు 25

మావయ్యా,

కంపెనీ వారి లేఖ నిన్న అందింది. లెటర్‌హెడ్ మీద, నాలుగు రంగుల్లో. "మీ ఉజ్వల భవిష్యత్తును ఆకాంక్షిస్తూ" అని ఆఖర్న రాశారు. మాస్టారికి చూపిస్తాను, ఒక్క తప్పూ లేదు. ఇంత శుభ్రంగా నన్ను ఎవరూ వెళ్లగొట్టలేదు.

పెట్టెలు సర్దేదాకా ఉండమన్నారు, ఉన్నాను. నా ఫొటో కూడా నేనే చుట్టచుట్టి పెట్టాను. ఆ సైకిలు పెట్టెలోకి వెళ్లేటప్పుడు మేనేజరు కాటా వంక చూసి, "అబ్ తో మిటా దో" అన్నాడు. చిమటా మారిస్తే తుడుస్తానన్నాను. ఆయన చిమటా విప్పి పరీక్షకు పంపాలని పెట్టె మీద ఒక చీటీ అతికించాడు. కాటాతోనే లూధియానా వెళ్లింది. పరీక్షలో ఏం తేలుతుందో నాకు ఎవరూ రాయరు. ఆ డొబ్ నాతోనే ఉండిపోతుందనుకుంటాను.

నీ ఉత్తరం షైనికి హిందీలో చెప్పాను. సైరన్ దగ్గర నాకు హిందీ అయిపోయింది.

నీకు చెవుడని మూడు నెలలుగా నేను కనిపెట్టలేకపోయాను. లైను బాగోలేదంటే వెటకారాలాడాను. రూపాయి బిళ్లతో కార్బన్ తట్టి లోపలి పగులును పట్టే నా దివ్యమైన చెవికి సొంత మావయ్య వినిపించలేదు. దీని మీద ఏ గుర్తు గీయాలో నీ వీల్ షాపు రూల్స్‌లో ఉంటే వెతికి ఉంచు.

గురువారం షాలిమార్ బండి ఎక్కుతున్నాను. శనివారం మధ్యాహ్నం ఖరగ్‌పూర్‌లో దిగుతాను. స్టేషన్‌కి రావద్దు. బండి హారన్ నీకు వినపడదు, నువ్వు పట్టాల మధ్య నిలబడితే నాకు భయం. షాపు దగ్గరే ఉండు. సైకిలును కొక్కేనికి వేలాడదీసి ఉంచు, నేల ఆనకూడదు. సుత్తి బయట పెట్టు. మాస్టారిని బల్ల మీద కూర్చోబెట్టు, ఆ చెయ్యే సాక్షి.

కాళ్లు కడుక్కోకముందే కొడతాను. డొబ్‌మంటే డొబ్‌మందనే చెప్తాను. నీ మొహం చూసి మాట మార్చను. అప్పుడు కాటా అలాగే ఉంటుంది, డిసెంబరు పదిహేనున నేను బల్ల మీద మాస్టారి పక్కన కూర్చుంటాను. మోగితే నీ భుజం మీద చెయ్యి వేస్తాను. అప్పుడు నువ్వు తుడువు.

తడిగుడ్డ సిద్ధంగా పెట్టుకో.

ఇందు